సొంత ఊరికి వెళ్ళినా ప్రయాణమే

(మా తెలుగు రేడియో ఆదివారం కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయి. ఈపాటికి మీలో చాలామంది ఇండియాకి టిక్కెట్లు కొనేసి ఉంటారు. ఎవరెవరికి ఏమేం పట్టుకెళ్ళాలో జాబితా కూడా మొదలుపెట్టి ఉంటారు. ఆ జాబితాలో ఇంకొక్కటి చేర్చమని అడగడానికే ఇవాళ ఈ మైకు ముందు కూర్చున్నాను. అది హెపటైటిస్ ఎ టీకా.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి కన్సల్టింగ్ చేసుకుంటున్నవాణ్ణి. ఈ విషయం మీద మాట్లాడడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఈ జబ్బు నాకొచ్చింది. నా చేతి మీదుగా ఇంకొకరికి కూడా వెళ్ళింది. ఆ తరవాత దీని గురించి చదివాను, డాక్టర్లని అడిగాను. తెలుసుకున్నది మీకు చెప్తాను. మీ విషయంలో ఏం చెయ్యాలో మాత్రం మీ డాక్టర్నే అడగండి.

2018 డిసెంబరులో నేను, మా ఆవిడ, మూడేళ్ళ మా అమ్మాయి కలిసి మూడు వారాలకి విజయవాడ వెళ్ళాం. పాప విషయంలో మేం పడ్డ హడావుడి ఇంతా అంతా కాదు. సీలు విప్పని సీసా నీళ్ళు, కళ్ళ ముందు మరిగించిన పాలు, వేడి వేడి అన్నం తప్ప ఇంకేమీ పెట్టలేదు. "మేం పెంచలేదట్రా పిల్లల్ని?" అని మా అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

నా సంగతి వచ్చేసరికి ఆ జాగ్రత్తలేవీ లేవు. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, నాకేమవుతుందని ధీమా. బందరు రోడ్డు మీద ఐసు వేయించుకుని చెరకు రసం తాగాను. బండి మీద పునుగులు, అల్లం చట్నీ తిన్నాను. కోసి పెట్టిన బొప్పాయి ముక్కలు తిన్నాను. చుట్టాలందరి ఇళ్ళలోనూ మజ్జిగ తాగాను. మూడు వారాల్లో ఒక్కపూట కూడా కడుపు నొప్పి రాలేదు. అమెరికా వెళ్ళినా మన కడుపు మన కడుపే అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

2019 జనవరి 5న తిరిగి వచ్చాం. 26వ తేదీ శనివారం మా ఊళ్ళో సంక్రాంతి పాట్‌లక్. మా ఇంటి నుంచి పులిహోర. మా ఆవిడ అన్నం వండి, చింతపండు పులుసు ఉడికించి, పోపు వేసి పెట్టింది. పెద్ద బేసిన్‌లో కలిపింది మాత్రం నేను. చేత్తోనే కలిపాను. గరిటెతో కలిపితే అది పులిహోర కాదంటుంది మా అమ్మ. అందరూ మెచ్చుకున్నారు, గిన్నె ఖాళీ అయింది.

తరవాతి బుధవారం, అంటే 30న, క్లయింటు దగ్గర ఉన్నాను. ఒళ్ళంతా నీరసం, కొద్దిగా జ్వరం. ఫ్లూ అనుకున్నాను. రోజుకి నాలుగు కప్పులు తాగే కాఫీ వాసనకే వికారం పుట్టింది. గురువారం ఇంటికొచ్చి పడుకున్నాను. శనివారానికి మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. సోమవారం పొద్దున్న మా ఆవిడ కర్టెన్ తీసి నా మొహం చూసి, "ఏమండీ, మీ కళ్ళు పచ్చగా ఉన్నాయి" అంది.

రక్త పరీక్షలో హెపటైటిస్ ఎ అని తేలింది. లివరు దెబ్బతిన్నప్పుడు పెరిగే ఎంజైము ఒకటి ఉంది. మామూలుగా నలభై యాభై లోపు ఉండాల్సింది నాకు రెండు వేలు దాటింది.

అమెరికాలో ఈ జబ్బు బయట పడితే ఆరోగ్య శాఖకి తెలియజెయ్యాలి. బుధవారం ఉదయం మా కౌంటీ ఆరోగ్య శాఖ నుంచి ఒక నర్సు ఫోను చేసింది. ఎక్కడికి వెళ్ళావు, ఏం తిన్నావు అని అడిగింది. తరవాత, "గత మూడు వారాల్లో ఇంట్లోవాళ్ళకి కాకుండా ఇంకెవరికైనా వంట చేసిపెట్టావా?" అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు పులిహోర.

ఇక్కడ కథ కాసేపు ఆపి, ఈ జబ్బు ఎలా నడుస్తుందో చెప్పాలి. లేకపోతే ఆ నర్సు ఎందుకంత కంగారు పడిందో అర్థం కాదు.

హెపటైటిస్ అంటే లివరు వాపు. దానికి చాలా కారణాలున్నాయి. వైరస్‌ల వల్ల వచ్చేవాటికి ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు పెట్టారు. బి, సి రక్తం ద్వారా, బి లైంగికంగా కూడా వస్తాయి. కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఎ అలాంటిది కాదు. అది నోటి ద్వారా లోపలికి వెళ్తుంది, లివరులో పెరుగుతుంది, పిత్తంతో పాటు పేగుల్లోకి దిగి మలంలో బయటికి వస్తుంది. వినడానికి బాగుండదు గానీ ఉన్నమాట చెప్పాలి. జబ్బు ఉన్నవాళ్ళ మలం అణుమాత్రం ఏదో దారిన మరొకరి నోట్లోకి చేరితేనే ఇది వస్తుంది. ఆ దారి నీళ్ళు కావచ్చు, ఐసు కావచ్చు, పచ్చి కూరలు కావచ్చు, సరిగ్గా కడగని చెయ్యి కావచ్చు.

వైరస్ లోపలికి వెళ్ళిన తరవాత జబ్బు పైకి కనిపించడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. సగటున 28 రోజులు. అందుకే ఇండియాలో తిన్నదాని ఫలితం అమెరికా వచ్చాక బయట పడుతుంది. చెరకు రసమా, చట్నీయా, మజ్జిగా అని ఇప్పుడు ఎంత ఆలోచించినా లాభం లేదు. తిన్న రోజున కడుపు నొప్పి రాలేదని నేను పడ్డ గర్వానికి అర్థమే లేదు.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. జబ్బు లక్షణాలు కనిపించడానికి రెండు వారాల ముందు నుంచే మనిషి నుంచి వైరస్ బయటికి వస్తూ ఉంటుంది. కళ్ళు పచ్చబడిన తరవాత సుమారు వారం దాకా వస్తుంది. అంటే ఎదటివాళ్ళకి ఎక్కువగా అంటించేది, మనం శుభ్రంగా ఉన్నామనుకుని తిరిగే రోజుల్లోనే. నేను పులిహోర కలిపింది జ్వరం రావడానికి నాలుగు రోజుల ముందు.

అన్నం ఉడికింది కదా అని మీరు అనొచ్చు. నేనూ నర్సుతో అదే అన్నాను. 85 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఒక్క నిమిషం ఉంచితే ఈ వైరస్ చస్తుంది. కానీ నా చెయ్యి పడింది ఉడికిన తరవాత కదా! పైగా ఆ రోజు వంటింట్లో సబ్బుతో కడుక్కునే ఓపిక లేక, సీసాలోంచి శానిటైజరు రాసుకున్నాను. ఆల్కహాలు శానిటైజరు ఈ వైరస్ మీద సరిగ్గా పనిచెయ్యదు. సబ్బు, ధారగా నీళ్ళు, ఇరవై సెకన్లు బాగా రుద్దడం, అంతే దీనికి ఉపాయం.

ఈ వైరస్ సోకిన తరవాత 14 రోజుల లోపల టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా చాలావరకు ఆపొచ్చు. ఏడాది నిండని పసివాళ్ళకీ, పెద్దవాళ్ళలో కొందరికీ గ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. పాట్‌లక్ జనవరి 26న. 14 రోజులంటే ఫిబ్రవరి 9. నర్సు ఫోను చేసింది 6న. ఇంక మూడు రోజులే ఉంది.

ఆరోగ్య శాఖ వాళ్ళు నా పేరు బయట పెట్టకుండానే అందరికీ తెలియజేస్తామన్నారు. కానీ వాళ్ళ దగ్గర ఎవరి ఫోను నంబర్లూ లేవు. మంచం మీద పడుకునే ఆ సాయంత్రం ముప్పై రెండు కుటుంబాలకి ఫోను చేశాను. "అన్నయ్యా, ఆ రోజు మీరు మా పులిహోర తిన్నారా?" అని మొదలుపెట్టి, ఆ తరవాతి మాట చెప్పడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. కొందరు ముందు నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. ఒకావిడ ఏమీ మాట్లాడకుండా ఫోను పెట్టేసింది. ఆవిడకి పసిపిల్ల ఉంది, ఆవిణ్ణి తప్పు పట్టలేను. చాలామంది మర్నాడే వెళ్ళి టీకా వేయించుకున్నారు. ఇక్కడ పుట్టిన చిన్నపిల్లల్లో చాలామందికి టీకా ముందే పడి ఉంది.

నా స్నేహితుడొకడు మాత్రం వెళ్ళలేదు. ఇంజనీరింగు రోజుల నుంచీ స్నేహితులం. "ఒరేయ్, నాలుగేళ్ళు హాస్టల్ సాంబారు తాగినవాణ్ణి, నీ పులిహోర నన్నేం చేస్తుందిరా" అని నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు గానీ, గట్టిగా చెప్పే ఓపిక కూడా లేకపోయింది. సరిగ్గా నాలుగు వారాలకి, ఫిబ్రవరి ఆఖరులో, వాడికి కామెర్లు వచ్చాయి. ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. అంతకు ముందు నెలలోనే కొత్త ఉద్యోగంలో చేరాడు, సెలవలేమీ లేవు. రెండు నెలలు పడింది కోలుకోవడానికి. నాకు ఏడు వారాలు పట్టింది, ఆ లోపల నా ప్రాజెక్టు పోయింది. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన చిత్రం ఒకటి చెప్తాను. ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే ఊరు వెళ్ళొచ్చాం. జబ్బు నాకే ఎందుకు వచ్చింది?

మా అమ్మాయి అమెరికాలో పుట్టింది. ఇక్కడ 2006 నుంచి ఏడాది నిండిన పిల్లలందరికీ, రెండేళ్ళ లోపల, ఈ టీకా మొదలుపెట్టమని సిఫార్సు ఉంది. పిల్లల డాక్టరు రెండు డోసులూ వేసేశారు. మేం సంతకం పెట్టాం గానీ అదేమిటో కూడా అడగలేదు.

మా ఆవిడకి పరీక్ష చేస్తే ఈ జబ్బుని ఎదుర్కునే యాంటీబాడీలు రక్తంలో ముందే ఉన్నాయని తేలింది. తనది తెనాలి దగ్గర పల్లెటూరు. కాలవ నీళ్ళు, బావి నీళ్ళు తాగి పెరిగింది. చిన్నప్పుడెప్పుడో ఈ వైరస్ వచ్చి పోయింది. కానీ కామెర్లు వచ్చిన గుర్తు తనకీ లేదు, మా అత్తగారికీ లేదు. ఆరేళ్ళ లోపు పిల్లల్లో నూటికి డెబ్బై మందికి ఏ లక్షణాలూ కనిపించవట. ఒకసారి వచ్చి పోతే జీవితాంతం మళ్ళీ రాదు.

నేను విజయవాడలో పెరిగినవాణ్ణి. మా అమ్మ నీళ్ళు కాచి, వడగట్టి, చల్లార్చి ఇచ్చేది. బడికి కూడా ఇంటి నీళ్ళే. ఆ జాగ్రత్త వల్ల చిన్నప్పుడు ఈ జబ్బు నా దగ్గరికి రాలేదు. రాలేదు కాబట్టి రక్షణా లేదు. చిన్నప్పుడు జలుబులా వచ్చి పోయేది, ముప్పై ఏళ్ళకి వచ్చి మంచాన పడేసింది. ఈ జబ్బు తీరే అంత. వయసు పెరిగిన కొద్దీ గట్టిగా వస్తుంది. పెద్దవాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా కామెర్లు కనిపిస్తాయి. చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది గానీ, యాభై దాటినవాళ్ళకీ, ముందే లివరు జబ్బు ఉన్నవాళ్ళకీ ప్రాణం మీదికి కూడా రావచ్చు.

మనం అక్కడే పుట్టి పెరిగాం, మనకేం కాదు అనే మాట మన అమ్మమ్మల తరానికి చాలావరకు నిజం. మన తరంలో సగం నిజం. మన పిల్లల విషయంలో అసలు నిజం కాదు. మీరు ఏ సగంలో ఉన్నారో మీకు తెలియదు, నాకూ తెలియలేదు. ఒక రక్త పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. పరీక్ష వద్దనుకుంటే నేరుగా టీకా వేయించుకోవచ్చు. ముందే రక్షణ ఉన్నవాళ్ళకి టీకా వేసినా హాని లేదు.

అమెరికా వాడు ఇండియా వెళ్తే ప్రయాణం అంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళి ఏమేం టీకాలు కావాలో అడుగుతాడు. మనం ప్రయాణం అనం, ఇంటికి వెళ్తున్నాం అంటాం. ఇంటికి వెళ్ళేవాడు డాక్టర్ని అడుగుతాడా? అక్కడే ఉంది చిక్కంతా. హోటల్లో తిని వారంలో తిరిగొచ్చే టూరిస్టు కన్నా, నెల రోజులుండి, పదిళ్ళలో తిని, పల్లెటూళ్ళన్నీ తిరిగే మనకే ఈ జబ్బు తగిలే అవకాశం ఎక్కువ.

ఇక టీకా వివరాలు. అమెరికాలో 1995 నుంచి ఇది దొరుకుతోంది. రెండు డోసులు. మొదటిది వేసుకున్న ఆరు నెలల తరవాత రెండోది. మొదటి డోసుతోనే నెల తిరిగేసరికి పెద్దవాళ్ళలో నూటికి 94 మందికి పైగా రక్షణ వస్తుంది. టిక్కెట్లు కొన్న రోజునే వేయించుకుంటే మంచిది. మర్చిపోయినా, విమానం ఎక్కే ముందు రోజు వేయించుకున్నా ఉపయోగమే. నలభై దాటినవాళ్ళూ, లివరు జబ్బులు ఉన్నవాళ్ళూ రెండు వారాల్లోపే బయల్దేరుతుంటే, టీకాతో పాటు గ్లోబ్యులిన్ అవసరమా అని డాక్టర్ని అడగండి. రెండో డోసు ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వేయించుకోండి. రెండూ పడితే కనీసం ఇరవై ఏళ్ళు రక్షణ ఉంటుందని తేలింది.

పసిపిల్లని మొదటిసారి తాతగారికి చూపించడానికి తీసుకెళ్ళేవాళ్ళు జాగ్రత్తగా వినండి. ఆరు నెలలు నిండి ఏడాది నిండని పిల్లలకి కూడా, విదేశ ప్రయాణం ఉంటే, ముందుగా ఒక డోసు ఇస్తారు. అది లెక్కలోకి రాదు. ఏడాది దాటాక మామూలు రెండు డోసులూ మళ్ళీ వెయ్యాల్సిందే. ఇంకోమాట. 2006కి ముందు పుట్టి ఇప్పుడు కాలేజీల్లో, ఉద్యోగాల్లో ఉన్న పిల్లల్లో కొందరికి ఈ టీకా పడి ఉండకపోవచ్చు. వాళ్ళ టీకా కార్డులు ఒకసారి తీసి చూడండి.

టీకా వేసుకున్నాం కదా అని ఏ నీళ్ళు పడితే ఆ నీళ్ళు తాగకూడదు. టైఫాయిడ్, విరేచనాలు ఉండనే ఉన్నాయి. హెపటైటిస్ ఇ కూడా నీళ్ళ ద్వారా వచ్చేదే. 1955-56లో ఢిల్లీలో యమునలోకి మురుగు చేరి సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. దాన్ని చాలా ఏళ్ళు ఎ అనే అనుకున్నారు. నిల్వ ఉంచిన రక్తాన్ని పరీక్షించి, అది ఎ కాదని 1980లో తేల్చారు. మన హైదరాబాదులో 2005లో మురుగు కాలవల మధ్య నుంచి పోయే మంచినీటి గొట్టాలు లీకై ఇదే ఇ వచ్చింది. గర్భిణులకి ఇది చాలా ప్రమాదం. దీనికి అమెరికాలో టీకా లేదు. కాబట్టి కడుపుతో ఉండి వెళ్ళేవాళ్ళు నీళ్ళ విషయంలో మొహమాటపడొద్దు.

మొహమాటం అంటే గుర్తొచ్చింది. మన వాళ్ళింట్లో మంచినీళ్ళు వద్దంటే ఎంత బాధపడతారో అందరికీ తెలుసు. నేను ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. "పిన్నీ, నీ చేతి టీ తాగి ఎన్నాళ్ళైందో" అంటాను. మరిగిన టీ వస్తుంది, పిన్ని సంతోషిస్తుంది. వేడిగా వడ్డించిన ఇడ్లీ, అప్పుడే దింపిన కూర, మన చేత్తో వలుచుకునే అరటిపండు, కళ్ళ ముందు కొట్టిన కొబ్బరిబొండం, వీటితో భయం తక్కువ. స్ట్రా మాత్రం కవరులోది అడగండి. ఐసు, పానీపూరీ నీళ్ళు, కోసి పెట్టిన పళ్ళు, పచ్చి కొత్తిమీర చల్లిన చాట్, నీళ్ళు కలిపిన మజ్జిగ, వీటి దగ్గర ఆగి ఆలోచించండి. ఫ్రీజరులో పెడితే ఈ వైరస్ చావదు.

ఇదంతా ఇండియా మీద ఫిర్యాదు అనుకోకండి. 2003లో ఇక్కడే పెన్సిల్వేనియాలో, ఒక రెస్టారెంటులో పచ్చిగా వేసిన ఉల్లికాడల వల్ల 550 మందికి పైగా ఈ జబ్బు వచ్చింది. ముగ్గురు చనిపోయారు. వైరస్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదు.

చివరగా వైద్యం గురించి. నాకు కామెర్లని తెలియగానే మా అమ్మ ఫోనులో, "నాన్నా, పసరు మందు వేయించుకోకుండా తగ్గదురా. ఎవరితోనైనా పంపిస్తాను" అని ఒకటే ఏడుపు. మన ఊళ్ళలో నేల ఉసిరి పసరు మీద, ఉప్పు నూనె లేని పథ్యం మీద ఎంత నమ్మకమో మీకు తెలుసు. కొన్నిచోట్ల చేతి మీద వాత కూడా పెడతారు. నిజానికి హెపటైటిస్ ఎ ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది. తగ్గే రోజుల్లో ఏది పుచ్చుకుంటే దానికి పేరు వస్తుంది. కానీ ఏం కలిపారో తెలియని పసరుని కూడా శుద్ధి చెయ్యాల్సింది ఆ దెబ్బతిన్న లివరే. కామెర్లన్నీ ఎ కూడా కావు. బి కావచ్చు, ఇ కావచ్చు, పిత్తాశయంలో రాయి కావచ్చు. ముందు పరీక్ష చేయించుకోవాలి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, నీళ్ళు, ఇమిడినంత తిండి. మద్యం పూర్తిగా మానాలి. జ్వరానికని టైలెనాల్, క్రోసిన్, డోలో లాంటివి డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. మత్తుగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

తిరిగొచ్చాక యాభై రోజుల దాకా ఒక కన్నేసి ఉంచండి. ఆ లోపల కారణం లేకుండా నీరసం, వికారం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే, డాక్టరుతో మొదటి మాటగా "ఇండియా వెళ్ళొచ్చాను" అని చెప్పండి.

నా స్నేహితుడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. "నువ్వు ఫోను చేశావు, నేనే వినలేదు" అంటాడు. అది వాడి మంచితనం. రెండు డోసుల టీకా నేను వెళ్ళే ముందు వేయించుకుని ఉంటే ఆ ఫోను చెయ్యాల్సిన అవసరమే ఉండేది కాదు. అది నిజం. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ మా ఇంటి నుంచి పులిహోరే వెళ్తుంది. సబ్బుతో మోచేతి దాకా కడుక్కుని, గరిటెతో కలుపుతాను. మా అమ్మకి మాత్రం చెప్పలేదు.

ఈ వారం మీ డాక్టరుకి ఒక్క ఫోను చెయ్యండి. హాయిగా ఇంటికి వెళ్ళి రండి.